చుక్క చిన్నదైతే గురి కుదురుతుందా?

కార్బైన్ పోటీలకి రెడ్ డాట్ సైట్ కొనబోయే ప్రతివాళ్ళూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "2 ఎమ్‌ఓఏ తీసుకోవాలా, 6 తీసుకోవాలా?" అడిగినవాళ్ళలో ఎక్కువమంది చివరికి 2 కొంటారు. ఎందుకని అడిగితే "చుక్క చిన్నదైతే గురి కచ్చితంగా ఉంటుంది కదా!" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. నా మట్టుకు నాకు అది తప్పు లెక్క అనిపిస్తుంది. దగ్గరి దూరాల్లో, గడియారంతో పోటీ పడి కాల్చే ఆటకి పెద్ద చుక్కే మేలు. ఎందుకో లెక్కలతో సహా చెప్తాను. (చుక్క అనగానే శుక్రవారం సాయంత్రపు చుక్క గుర్తొచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. ఆ చుక్కకీ ఈ ఆటకీ అస్సలు పడదు :))

ముందుగా ఈ ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కార్బైన్ అంటే పొట్టి గొట్టం ఉన్న రైఫిల్. అందులో రైఫిల్ తూటా కాకుండా పిస్టల్లో వాడే 9 ఎమ్‌ఎమ్ తూటా వేసేదాన్ని పిస్టల్ క్యాలిబర్ కార్బైన్, పొట్టిగా పీసీసీ అంటారు. అమెరికాలో యూఎస్‌పీఎస్‌ఏ వాళ్ళు 2016లో దీనికంటూ ఒక డివిజన్ పెట్టారు. పరిగెడుతూ, గోడల పక్కనుంచీ కిటికీల్లోంచీ తొంగిచూస్తూ, అట్ట బొమ్మల మీద తలా రెండు తూటాలు కాల్చాలి. స్టీల్ ఛాలెంజ్ అని ఇంకొకటుంది. అందులో పరిగెత్తడం ఉండదు, ఒకటి తప్ప మిగతా స్టేజీల్లో నిలబడ్డచోటే నిలబడి 5 ఇనుప పలకల్ని వరసగా కొట్టడమే. మొత్తం 8 స్టేజీలు, ఎక్కడ ఆడినా అవే కొలతలు, పలకలు 7 గజాల నించి 35 గజాల దాకా ఉంటాయి. నేనుండే టెక్సస్‌లో వారాంతం వస్తే చుట్టుపక్కల ఏదో ఒక రేంజిలో ఈ రెండిట్లో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట, చుక్కల కన్నా ముఖ్యమైనది. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనవాళ్ళు ఎక్కువగా వాడుకునేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం వర్తించదు. "కొనట్లేదుగా, రేంజిలో అద్దెకి తీసుకుని కాలుస్తున్నాగా, ఫ్రెండుది ఒక్కసారి పట్టుకున్నాగా" అనేవి పనిచెయ్యవు. చేతిలో ఉంటే ఉన్నట్టే. పైగా రాష్ట్రాల చట్టాలు వేరు, కాలిఫోర్నియాలో కుదరనివి టెక్సస్‌లో కుదురుతాయి. సరదా కోసం పోయి ఇమిగ్రేషన్ ఫైలు మీద మచ్చ తెచ్చుకోవడం కన్నా ముందే ఒక లాయర్ని అడగడం నయం. ఇవన్నీ సరిచూసుకున్నాకే కింద చెప్పేదంతా.

సరే, విషయానికొద్దాం. ఎమ్‌ఓఏ అంటే ఏమిటి? వృత్తంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒక భాగం. మన పంచాంగాల్లో దీన్నే కళ అంటారు, డిగ్రీకి 60 కళలు. ఇది కోణం, పొడవు కాదు. అందుకే దూరం పెరిగేకొద్దీ చుక్క కప్పేసే మేర కూడా పెరుగుతుంది. 100 గజాల దగ్గర 1 ఎమ్‌ఓఏ అంటే 1.047 అంగుళం. ఇంకా సులువుగా ఊహించుకోవాలంటే రాత్రి ఆకాశంలోకి చూడండి. నిండు చందమామ వెడల్పు మన కంటికి సుమారు 30 కళలు. అంటే 6 ఎమ్‌ఓఏ చుక్క చందమామలో అయిదో వంతు, 2 ఎమ్‌ఓఏ చుక్క పదిహేనో వంతు. చూపు బాగున్న కన్ను విడదీసి చూడగలిగేదే సుమారు 1 కళ. అంటే "పెద్ద చుక్క" అని జనం భయపడేది కూడా నిజానికి చిన్నదే.

ఇప్పుడు దీన్ని మనం కాల్చే వస్తువు పక్కన పెట్టి చూద్దాం. యూఎస్‌పీఎస్‌ఏ అట్ట బొమ్మలో ఒంటి మీది 'ఏ' జోన్ సుమారు 6 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు. 10 గజాల దగ్గర 2 ఎమ్‌ఓఏ చుక్క 0.2 అంగుళం కప్పుతుంది, 6 ఎమ్‌ఓఏ చుక్క 0.6 అంగుళం. 25 గజాల దగ్గర అవి 0.5, 1.6 అంగుళాలు. అంటే 25 గజాల్లో కూడా పెద్ద చుక్క కప్పేది 'ఏ' జోన్ వెడల్పులో సుమారు పావు వంతే. స్టీల్ ఛాలెంజ్‌లో చిన్న పలక 10 అంగుళాలు. దాన్ని 20 గజాల్లో పెట్టినా 6 ఎమ్‌ఓఏ చుక్క కప్పేది ఎనిమిదో వంతు. నిలబడి, ఊపిరి ఎగపోస్తూ, గబగబా కాల్చేటప్పుడు మన చేతులు ఊగే వెడల్పే అంతకన్నా ఎక్కువ. చుక్క వల్ల పోయే కచ్చితత్వం ఇక్కడ లేదు, ఉన్నా అది మన చేతుల ఊపులో కలిసిపోతుంది.

"అయినా సరే, చిన్నది వాడితే పోయేదేముంది?" అనొచ్చు. పోయేది టైము. ఈ ఆటలో స్కోరు ఎలా లెక్కేస్తారో చూడండి. పీసీసీలో 'ఏ' కి 5 పాయింట్లు, 'సీ' కి 3, 'డీ' కి 1. వచ్చిన పాయింట్లని పట్టిన సెకన్లతో భాగిస్తారు. దాన్ని హిట్ ఫ్యాక్టర్ అంటారు. 32 తూటాల స్టేజి ఒకటుందనుకోండి, పూర్తి పాయింట్లు 160. అన్నీ 'ఏ' లే కొట్టి 18 సెకన్లు తీసుకుంటే 8.89. రెండు 'సీ' లు పడి 156 వచ్చినా 17 సెకన్లలో ముగిస్తే 9.18. ఒక్క సెకను తగ్గడం నాలుగు పాయింట్ల నష్టాన్ని పూడ్చి ఇంకా మిగిల్చింది. కానీ అదే 17 సెకన్లలో అయిదు 'సీ' లు పడి 150 వస్తే 8.82, అంటే తొందరపడి నష్టపోయినట్టే. కాబట్టి అడ్డదిడ్డంగా కాల్చమని కాదు. సెకన్లు తగ్గాలి, 'సీ' లు పెరగకూడదు. సైటు చెయ్యాల్సిన పని అదే.

ఇక్కడే చుక్క సైజు లెక్కలోకి వస్తుంది. తుపాకీ భుజానికి ఆనించగానే కన్ను లక్ష్యం మీద ఉండగా చుక్క దానంతట అది వచ్చి ఎదుట పడాలి. పెద్ద చుక్క అయితే చూపు మూలల్లోంచే తెలిసిపోతుంది. చిన్నది అయితే దాన్ని వెతుక్కోవడానికి కన్ను లక్ష్యాన్ని వదిలి అద్దం మీదకి వస్తుంది, మళ్ళీ లక్ష్యానికి వెళ్తుంది. ఒక్కో బొమ్మకీ ఇది రెప్పపాటే. కానీ స్టేజిలో 16 బొమ్మలుంటే 16 రెప్పపాట్లు. ఇంకో సంగతి, చిన్న చుక్క వణుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అది 'ఏ' జోన్ లోపలే తిరుగుతున్నా సరే, మనసు "ఇంకా కుదురుకోలేదు, ఆగు" అంటుంది. ఆగుతాం. ఆగిన ప్రతిసారీ హిట్ ఫ్యాక్టర్ కరుగుతుంది.

పెద్దదాన్ని కచ్చితంగా మధ్యలో పెట్టలేం అనేది కూడా అపోహే. ఒక గుండ్రటి వస్తువుని ఇంకోదాని మధ్యలో పెట్టడంలో మన కన్ను మహా నేర్పరి. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ తెలుసుగా, అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అంత చిన్నదాన్ని కొట్టేవాళ్ళు ముందు సైటులో వాడేది చిన్న ముల్లు కాదు, ఒక రింగు. ఆ రింగులో నల్లటి వృత్తాన్ని నడిమధ్య కూర్చోబెడతారు. ఆ రింగు మరీ బిగుతుగా ఉన్నా తటపటాయింపు పెరుగుతుందని, కాస్త తెల్లటి ఖాళీ కనపడేలా ఉండాలనీ కోచ్‌లు చెప్తుంటారు. ఆట వేరు, తుపాకీ వేరు, కన్ను మాత్రం అదే.

మరి అందరూ 2 ఎందుకు కొంటారు? మన ఐటీ జనాలకి ఇది చెప్పక్కర్లేదు. స్పెక్ షీట్లో చిన్న అంకె కనపడితే అది మెరుగైనదని అనుకోవడం మన జబ్బు. లేటెన్సీ తక్కువైతే మంచిది, మెమరీ వాడకం తక్కువైతే మంచిది, కాబట్టి చుక్క కూడా. పైగా సైటు కొన్నాక మొదట చేసేది బల్ల మీద ఆనించి కాల్చి, కాగితం మీద తూటాలు ఎంత దగ్గరగా పడ్డాయో చూడటం. అక్కడ చిన్న చుక్క నిజంగానే గెలుస్తుంది. కానీ పోటీలో బల్లా లేదు, తీరికా లేదు. ప్రొఫైలర్ పెట్టకుండా ఆప్టిమైజ్ చెయ్యడం అంటే ఇదే. టైము ఎక్కడ పోతోందో చూడకుండా ఎప్పుడూ ఇబ్బంది పెట్టని ఫంక్షన్ని పట్టుకుని గీకడం!

చుక్క సైజు కన్నా ఎక్కువ తేడా తెచ్చేవి ఇంకో నాలుగున్నాయి. వాటి గురించి జనం తక్కువ మాట్లాడతారు.

మొదటిది వెలుతురు. ఎల్‌ఈడీ కాంతి అద్దం మీద పడి మన కంటికి చుక్కగా వస్తుంది. వెలుగు పెంచేకొద్దీ చుక్క అంచులు చెదిరి పెద్దగా కనిపిస్తుంది. టెక్సస్ జూలై ఎండలో తెల్లటి ఇనుప పలక మీద 2 ఎమ్‌ఓఏ చుక్క కనపడాలంటే వెలుగు బాగా పెంచాలి. పెంచితే అది చుక్కలా ఉండదు, మతాబులా ఉంటుంది. 6 ఎమ్‌ఓఏ చుక్క అయితే తక్కువ వెలుగులోనే నీటుగా, గుండ్రంగా కనపడుతుంది. అంటే చిన్నదనం కోసం డబ్బు పెట్టి, ఎండలో దాన్ని మనమే పెద్దది చేసుకుంటున్నాం. ఇంకోటి, వెలుగుని దానంతట అదే సర్దుకునే సైట్లతో జాగ్రత్త. మనం రేకుల షెడ్డు నీడలో నిలబడి ఎండలో ఉన్న పలకని కాల్చేటప్పుడు సైటు చూసేది మన దగ్గరి నీడని. చుక్క మసకబారిపోతుంది. చేత్తో మార్చుకునే బటన్లు ఉన్నదే కొనండి.

రెండోది కళ్ళు. రోజుకి పది గంటలు మానిటర్ చూసే మనలో కళ్ళజోడు లేనివాడు అరుదు. ఆ కళ్ళజోడు చీటీలో సిలిండర్ అనే చోట అంకె ఉంటే మీకు ఆస్టిగ్మాటిజం ఉన్నట్టే. అలాంటి కంటికి చుక్క కామాలాగానో, ద్రాక్షగుత్తిలాగానో, గీతలాగానో కనిపిస్తుంది. చాలామంది సైటు పాడైందనుకుని వాపసు ఇచ్చి ఇంకోటి తెప్పిస్తారు. అదీ అలాగే ఉంటుంది. తేల్చుకోవడం చాలా తేలిక. తుపాకీకి బిగించకముందే, సైటుని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడండి. సైటు తిరిగినా గీత తిరగకపోతే తేడా మీ కంట్లో ఉంది. ఫోన్ కెమెరాతో సైటులోంచి చూసినా తెలుస్తుంది, కెమెరాకి గుండ్రంగా కనపడితే సైటు బాగానే ఉన్నట్టు. సరైన కళ్ళజోడు పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మిగిలినదానికి పెద్ద చుక్కని తక్కువ వెలుగులో వాడటం నయం. అప్పటికీ కుదరకపోతే గాజు మీద గీత చెక్కి ఉండే ప్రిజమ్ సైట్లున్నాయి. అవి కాస్త బరువు, కన్ను పెట్టే దూరం కూడా సరిగ్గా ఉండాలి, కానీ వాటి గీతల్ని మీ చూపుకి తగ్గట్టు ఫోకస్ చేసుకోవచ్చు. కొనకముందు కళ్ళ డాక్టరుకిచ్చే ఫీజు, రెండో సైటు కన్నా చవక.

మూడోది అద్దం సైజు. "సైజు" అనగానే కొందరు దీన్నే అనుకుంటారు, ఇది వేరు. పిస్టల్ మీద అద్దం పెద్దదైతే చుక్క త్వరగా దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ పిస్టల్‌ని పట్టి ఉంచేది చేతులే. కార్బైన్‌కి చెంప ఆనించే బట్ ఉంది. ప్రతిసారీ తల అదే చోట ఆనితే చిన్న గొట్టంలో కూడా చుక్క మధ్యలోనే ఉంటుంది, రెండు కళ్ళూ తెరిచి చూస్తే సైటు చట్రం కూడా కనపడనట్టే ఉంటుంది. అద్దం పెద్దది పనికొచ్చేది ఎక్కడంటే వంగి, ఒరిగి, కిటికీ కిందనించి కాల్చాల్సినప్పుడు, చెంప సరిగ్గా ఆననప్పుడు. యూఎస్‌పీఎస్‌ఏ ఎక్కువ ఆడేవాళ్ళు దీనికి డబ్బు పెట్టొచ్చు. స్టీల్ ఛాలెంజ్ మాత్రమే ఆడేవాళ్ళకి అంత అక్కర్లేదు.

నాలుగోది ఎత్తు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. ఏఆర్ తరహా కార్బైన్ మీద సైటు గొట్టం కన్నా సుమారు 2.6 అంగుళాలు పైన ఉంటుంది. 25 గజాల దగ్గర చుక్కా తూటా కలిసేలా సర్దుకున్నామనుకోండి, 50 గజాల దగ్గర కూడా 9 ఎమ్‌ఎమ్ తూటా అంగుళం లోపు తేడాతోనే పడుతుంది. కానీ 5 గజాల్లో? చుక్క పెట్టినచోటుకి దాదాపు 2 అంగుళాలు కింద పడుతుంది. అట్ట బొమ్మ తలలోని 'ఏ' జోన్ ఎత్తే 2 అంగుళాలు! దాని నడిమధ్య చుక్క పెట్టి కాలిస్తే తూటా ఆ పెట్టె దాటి కింద పడుతుంది. పక్కనే కొట్టకూడని తెల్ల బొమ్మ ఉంటే ఇంకా ప్రమాదం, దానికి తగిలితే 10 పాయింట్లు పోతాయి. అదే 5 గజాల్లో 2 ఎమ్‌ఓఏకీ 6 ఎమ్‌ఓఏకీ తేడా 0.2 అంగుళం. 0.2 అంగుళం గురించి నెలల తరబడి తల బద్దలుకొట్టుకుని 2 అంగుళాల సంగతి మర్చిపోయేవాళ్ళు ప్రతి మ్యాచ్‌లోనూ కనిపిస్తారు. 3, 5, 7, 10 గజాల్లో మీ తూటా ఎక్కడ పడుతుందో కాల్చి చూసి రాసి పెట్టుకోండి. సాయంత్రం ఒక గంట పని, పైసా ఖర్చు లేదు. తూటాల ఖర్చంటారా, అది ఎలాగూ ఉంది.

చిన్న చుక్కకి అసలు చోటే లేదా అంటే, ఉంది. 50 గజాల్లో 6 ఎమ్‌ఓఏ చుక్క 'ఏ' జోన్ వెడల్పులో సగం కప్పుతుంది, 100 గజాల్లో మొత్తం మింగేస్తుంది. అదే కార్బైన్‌తో కాకపోయినా అదే సైటుని రైఫిల్ మీదకి మార్చి 100 గజాలు కాల్చేవాళ్ళకి 2 ఎమ్‌ఓఏ అర్థవంతమే. త్రీ-గన్ పోటీల్లో 200, 300 గజాల పలకలుంటాయి, వాటికి చుక్క సైజు ఏదైనా చాలదు, 1 నించి 6 రెట్లు పెంచుకునే స్కోపు కావాలి. రెండూ కావాలనేవాళ్ళకి మధ్యే మార్గంగా వలయం, దాని మధ్యలో చుక్క ఉండే రకాలున్నాయి. హోలోసన్ 507సీ లో 2 ఎమ్‌ఓఏ చుక్క చుట్టూ 32 ఎమ్‌ఓఏ వలయం, ఈఓటెక్‌లో 1 ఎమ్‌ఓఏ చుక్క చుట్టూ 68 ఎమ్‌ఓఏ వలయం. దగ్గరివాటికి వలయం, దూరానివాటికి చుక్క. పెద్ద వలయం కన్నుని లాగేస్తుంది కాబట్టి చుక్క ఎంత చిన్నదైనా వెతుక్కోనక్కర్లేదు. ఇది మంచి పరిష్కారమే, కొందరికి మాత్రం అన్ని గీతలు చిరాకు.

ఇది కొత్త గొడవేమీ కాదు. స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ 1975లోనే ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ తెచ్చింది. 1990లో ఆడిలైడ్‌లో జరిగిన ఐపీఎస్‌సీ ప్రపంచ పోటీని డగ్ కోనిగ్ చుక్క సైటుతో గెలిచాక పిస్టల్ ఆటగాళ్ళు వరసగా దానివైపు తిరిగారు. ఆ ఓపెన్ డివిజన్ పిస్టళ్ళ మీద ఏళ్ళ తరబడి రాజ్యమేలిన సీ-మోర్ సైట్లు 12 ఎమ్‌ఓఏ చుక్కలతో కూడా దొరికేవి. వేగంగా కాల్చడమే పనిగా పెట్టుకున్నవాళ్ళ కోసం అంత పెద్ద చుక్కలు తయారయ్యాయంటే అది ఊరికే కాదు కదా.

ఏతావాతా నేను చెప్పేదేంటంటే: పీసీసీతో యూఎస్‌పీఎస్‌ఏ, స్టీల్ ఛాలెంజ్ ఆడేవాళ్ళు 5 నించి 8 ఎమ్‌ఓఏ మధ్యలో తీసుకోండి. 100 గజాలు కూడా కాల్చేవాళ్ళు వలయం-చుక్క తీసుకోండి. ఈ ఆటకి 1 ఎమ్‌ఓఏ జోలికి పోకండి. నా మాట నమ్మక్కర్లేదు, కొలుచుకోండి. మ్యాచ్‌కి వెళ్తే రకరకాల సైట్లు పెట్టుకున్నవాళ్ళు ఉంటారు, మ్యాచ్ అయ్యాక అడిగితే సంతోషంగా ఇస్తారు. షాట్ టైమర్ పెట్టి 7, 15, 25 గజాల్లో మూడు పలకలు, రెండు సైట్లతో పది పది సార్లు కాల్చండి. మొదటి గుండు పేలడానికి పట్టిన టైము, ఒక పలక నించి ఇంకో పలకకి మారడానికి పట్టిన టైము, తప్పిపోయినవి రాసుకోండి. వరస వల్ల వచ్చే తేడా పోవడానికి ఒకసారి ఇది, ఒకసారి అది మార్చి మార్చి వాడండి. బల్ల మీద పెట్టి చేసిన పరీక్ష లెక్కలోకి రాదు.

ఆ కాగితం మీద 2 ఎమ్‌ఓఏ గెలిస్తే నిశ్చింతగా అదే కొనండి, మీ కళ్ళకి అదే సరైనది. కానీ "చిన్నదైతే కచ్చితం కదా" అని మాత్రం కొనకండి. పెద్ద చుక్క వాడి చూశాక మళ్ళీ చిన్నదానికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎన్ని గజాల్లో, ఏ ఆటలో తేడా తెలిసిందో చెప్పండి. ఆ లెక్క చూడాలని నాకూ కుతూహలంగా ఉంది.